జీపు లేపారు సరే, కింద షాఫ్ట్ సంగతేంటి?

ఈరోజు పట్టిసీమలో ఉన్నాం. వెనకాల కనిపిస్తోంది గోదావరి, అదిగో నది మధ్యలో ఆ గుట్ట మీద వీరభద్రస్వామి గుడి. ఈ ఊరి పేరు కొట్టి పక్కన లిఫ్ట్ అని వెతికితే మీ ఫోన్ చూపించేది ఎత్తిపోతల పథకం. 2015లో మొదలెట్టారు. 24 పంపులతో గోదావరి నీళ్ళని పైకి తోడి, పోలవరం కుడి కాలువలో పడేసి, కృష్ణ వైపు పంపిస్తారు. మనం మాట్లాడే లిఫ్ట్ అది కాదండీ. జీపుని లేపే లిఫ్ట్.

ఈ మధ్య మన కుర్రాళ్ళలో ఇదొక పిచ్చి. తప్పని నేననను, నాకూ ఉంది ఆ పిచ్చి. మారేడుమిల్లి మీదుగా గుడిస కొండెక్కాలన్నా, ఇసుక ర్యాంపులో దిగాలన్నా, కింద నాలుగు అంగుళాలు ఎక్కువుంటే ఆ ధైర్యమే వేరు. కానీ లేపిన బండ్ల నుంచి నాకొచ్చే మెసేజ్‌లన్నీ ఒకటే పాట. "అన్నా, యాభై దాటితే కింద నుంచి బుయ్ మని సౌండ్. టైర్లు బ్యాలెన్సింగ్ చేయించా, అలైన్‌మెంట్ చేయించా, పోలేదు. ఆరు నెలల్లో రెండు క్రాస్‌లు మార్చా." నూటికి తొంభై సార్లు దొంగ టైరు కాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ యాంగిల్.

మామూలుగా ఇది ల్యాప్‌టాప్ మీద బొమ్మలు గీసి చెప్పేయొచ్చు. కానీ ఇక్కడ ఒక బాబాయి జీపు సరిగ్గా ఇదే జబ్బుతో ఉందని తెలిసి కెమెరా పట్టుకొచ్చేశాం. పాత మహీంద్రా ఎంఎం 540. బాబాయి దీని మీద రోజూ కొవ్వూరు వెళ్ళొస్తారు. శని ఆదివారాలు కుర్రాళ్ళు ఏజెన్సీకి తీసుకెళ్తారు. ఎక్కడ లిఫ్ట్ చేయించారో చెప్పను, అడగొద్దు. షాపు పేరు మనకి అనవసరం, పని చూద్దాం.

ముందు అసలు యాంగిల్ మారితే ఏమవుతుందో చెప్తాను. ఇంజిన్, గేర్‌బాక్స్, దాని వెనక ట్రాన్స్‌ఫర్ కేస్, ఇవన్నీ ఛాసీకి బిగించి ఉంటాయి, కదలవు. వెనక హౌసింగ్ మాత్రం కమాన్ కట్టల మీద పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది. కదలని దానికీ ఊగే దానికీ మధ్య తిరుగుడు అందించాలి కాబట్టి షాఫ్ట్‌కి రెండు చివరలా రెండు క్రాస్‌లు పెట్టారు. ఇదిగో నా చేతిలో ఉన్నది పాతది. ప్లస్ గుర్తులా ఉంది చూడండి. నాలుగు కాళ్ళకీ నాలుగు కప్పులు, కప్పు లోపల సూదుల్లాంటి సన్నటి రోలర్లు.

నేను బీటెక్ మెకానికల్. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను, మన రాష్ట్రంలో అదేం విడ్డూరం కాదు కదా. థియరీ ఆఫ్ మెషీన్స్‌లో హుక్స్ జాయింట్ అని ఒక చాప్టర్ ఉండేది. రాబర్ట్ హుక్, పదిహేడో శతాబ్దం ఆయన. అందరం ఫార్ములా బట్టీపట్టి, ఎగ్జామ్‌లో కక్కేసి, మర్చిపోయాం. ఆ చాప్టర్ మొత్తం ఒక్క ముక్కలో చెప్పాలంటే: వంకరగా ఉన్న క్రాస్ తిరుగుడుని సమానంగా ఇవ్వదు. ఇటు వైపు మీరు ఒకే స్పీడులో తిప్పుతున్నా, అటు వైపు ఒక్కో చుట్టుకి రెండుసార్లు స్పీడు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది.

ఎంత పెరుగుతుంది? 5 డిగ్రీల వంకర ఉంటే అర శాతం కూడా ఉండదు. 10 డిగ్రీలకి ఒకటిన్నర శాతం అటూ ఇటూ. 20 డిగ్రీలకి 6 శాతం. గమనించారా, వంకర రెండింతలైతే కుదుపు నాలుగింతలు అవుతోంది. అందుకే ఫ్యాక్టరీ ఎత్తులో అసలు తెలియని వైబ్రేషన్, లిఫ్ట్ చేయగానే ఒక్కసారిగా మీద పడుతుంది.

వరి చేలో రోటావేటర్ చూసినవాళ్ళకి ఇదంతా చెప్పక్కర్లేదు. ట్రాక్టర్ వెనక పీటీవో షాఫ్ట్‌కి కూడా ఇవే క్రాస్‌లు. దున్నుతున్నంతసేపూ సాఫీగా ఉంటుంది. గట్టు దగ్గర తిప్పడానికి రోటావేటర్‌ని పైకి లేపారనుకోండి, షాఫ్ట్ వంకర పెరిగి టకటకటక మని కొట్టుకుంటుంది. తెలిసిన డ్రైవర్ లేపే ముందే పీటీవో ఆపేస్తాడు. ఆ డ్రైవర్‌కి హుక్ ఎవరో తెలియదు, చెవికి తెలుసు. మన లిఫ్ట్ చేసిన జీపు, రోటావేటర్ లేపి పీటీవో ఆపకుండా కొవ్వూరు దాకా వెళ్తున్న ట్రాక్టర్ లాంటిదన్నమాట.

సరే, క్రాస్ కుదుపు ఇస్తుందని తెలిసీ కంపెనీలు ఎందుకు పెడుతున్నాయి? ఎందుకంటే రెండు పెడతారు. మొదటి క్రాస్ చేసిన కుదుపుని రెండో క్రాస్ సరిగ్గా ఉల్టాగా చేసి కొట్టేస్తుంది. అయితే షరతులున్నాయి. రెండు చోట్లా వంకర సమానంగా ఉండాలి. షాఫ్ట్‌కి రెండు చివర్లా ఉండే ఫోర్కులు ఒకే వరసలో ఉండాలి. సమానం అన్నానే, అదే ఈ ఎపిసోడ్ మొత్తానికి కీలకం. చాలామంది "వంకర తక్కువుంటే మంచిది" అనే దగ్గరే ఆగిపోతారు. తక్కువుండాలి నిజమే, కానీ దానికంటే ముందు సమానంగా ఉండాలి. అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి బయటికొచ్చే గీత, వెనక పినియన్ గీత, రెండూ సమాంతరంగా ఉండాలి. రైలు పట్టాల్లా. మధ్యలో షాఫ్ట్ ఏటవాలుగా ఉన్నా ఫరవాలేదు.

ఇప్పుడు బాబాయి జీపు కిందకి వెళ్దాం. బండి చదునైన నేల మీద ఉంది. జాకీ మీద కాదు, చక్రాల మీదే బరువు ఉండాలి. చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టాం. ఆ మాట ఎందుకు గట్టిగా చెప్తున్నానో తర్వాత చెప్తా. కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు, ఫోన్‌లో లెవెల్ యాప్ చాలు. ఫోన్ కవర్ తీసేయండి, కవర్ అంచు వంకర వల్లే ఒక డిగ్రీ పోతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ ఫ్లాంజ్ మీద ఒకటి, షాఫ్ట్ గొట్టం మీద ఒకటి, పినియన్ ఫ్లాంజ్ మీద ఒకటి. మూడు రీడింగులు. ఫ్లాంజ్ ముఖం నిలువుగా ఉంటుంది కాబట్టి 90 లోంచి తీసేయాలి.

వచ్చినవి ఇవి. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక్కి 2 డిగ్రీలు వాలి ఉంది. షాఫ్ట్ 17 డిగ్రీలు. పినియన్ 15 డిగ్రీలు, అంటే పినియన్ మూతి ముందుకి పైకెత్తి షాఫ్ట్ వైపు చూస్తోంది. తీసివేత చేయండి. ముందు క్రాస్ దగ్గర 17 లోంచి 2 పోతే 15. వెనక క్రాస్ దగ్గర 17 లోంచి 15 పోతే 2.

పదిహేను, రెండు. ముందు క్రాస్ మూడున్నర శాతం కుదుపు ఇస్తోంది, వెనక క్రాస్ దాన్ని కొట్టేయడానికి దాదాపు ఏమీ చేయట్లేదు. ఆ కుదుపంతా తిన్నగా డిఫరెన్షియల్‌లోకి పోతోంది. టైరు ఎత్తు 30 అంగుళాలు, డిఫరెన్షియల్ రేషియో 4 అనుకుంటే, గంటకి 60 కిలోమీటర్ల దగ్గర షాఫ్ట్ సెకనుకి దాదాపు 28 చుట్లు తిరుగుతుంది. చుట్టుకి రెండు కుదుపులు, అంటే సెకనుకి 56. బాబాయి చెప్పే బుయ్ అదే. టైరు బ్యాలెన్స్ తేడా అయితే సెకనుకి ఏడు సార్లే, అది సీటులోనో స్టీరింగ్‌లోనో దడదడలాడుతుంది, బుయ్ మనదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే బ్యాలెన్సింగ్ డబ్బులు మిగుల్తాయి. ఇంకో టెస్ట్ కూడా చేసుకోండి: ఖాళీ రోడ్డు మీద అదే స్పీడులో గేరు మార్చి చూడండి. ఇంజిన్ చప్పుడు మారి, బుయ్ మాత్రం మారకపోతే అది గేర్‌బాక్స్ తర్వాత జరుగుతున్నదే.

ఇలా ఎందుకైంది? ఈ జీపులకి కమాన్ కట్ట హౌసింగ్ కింద ఉంటుంది. షాపువాళ్ళు దాన్ని హౌసింగ్ పైకి మార్చారు. కొత్త కమాన్ సీట్లు వెల్డింగ్ చేసి ఒక్క దెబ్బలో ఐదు అంగుళాలు లేపేశారు. సీటు వెల్డ్ చేసేటప్పుడు పినియన్ మూతి ఎటు చూడాలో వెల్డర్ ఇష్టం. వాళ్ళు షాఫ్ట్ వైపే చూసేలా తిప్పి వెల్డ్ చేశారు. కంటికి చాలా అందంగా ఉంటుంది. వెనక క్రాస్ తిన్నగా ఉంది కదా అనిపిస్తుంది. నాతో వచ్చిన రాజమండ్రి మేస్త్రి గారు కింద దూరి చూసి, "బాబూ, సగం పని బాగానే చేశారండీ" అన్నారు.

ఆయన మాట నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. పినియన్ మూతి షాఫ్ట్ వైపు తిప్పడం కూడా ఒక పద్ధతే. కానీ దానికి ముందు వైపు మామూలు క్రాస్ కాకుండా డబుల్ కార్డన్ ఉండాలి. అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ చివర రెండు క్రాస్‌లు వీపు వీపు ఆనించి పెట్టిన జాయింట్. అది తన కుదుపుని తనలోనే కొట్టేసుకుంటుంది, వెనక క్రాస్ సాయం అడగదు. అప్పుడు పినియన్ షాఫ్ట్ వరసలోనే ఉండాలి. అదీ ఒకటి రెండు డిగ్రీలు కిందకి ఉంచాలి, ఎందుకంటే గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్ మెలితిరిగి పినియన్ మూతి పైకి లేస్తుంది. లోడ్‌లో అది సరిగ్గా వరసలోకి వస్తుంది. బాబాయి బండికి పినియన్ డబుల్ కార్డన్ లెక్కలో పెట్టి, షాఫ్ట్ మాత్రం పాతదే తగిలించారు. రెండు సరైన పద్ధతుల్లో చెరో సగం తీసుకుంటే వచ్చేది తప్పే.

ఇప్పుడు ఏం చేయాలి? పాత షాఫ్టే ఉంచి పినియన్‌ని సమాంతరం చేద్దామంటే 13 డిగ్రీలు కిందకి దించాలి. దించితే షాఫ్ట్ వాలు ఇంకా పెరిగి, రెండు చోట్లా 15 పైనే ఉంటుంది. సమానం అవుతుంది, బుయ్ చాలావరకు పోతుంది, కానీ క్రాస్ బతకదు. ఇంకో సంగతి: రెండు క్రాస్‌లూ ఒకదాన్నొకటి కొట్టేసినా మధ్యలో ఉన్న షాఫ్ట్ మాత్రం కుదుపుతూనే తిరుగుతుంది. హైవే మీద తిరిగే లారీలకి షాఫ్ట్ తయారుచేసేవాళ్ళు 3 డిగ్రీల లోపు ఉంచమంటారు. పొట్టి జీపుకి 3 కుదరదు, స్పీడు తక్కువ కాబట్టి ఎక్కువకి ఒప్పుకుంటాం. కానీ 15తో రోజూ రోడ్డు మీద తిరగడం కుదిరే పని కాదు.

పొట్టి జీపుకే ఈ బాధ ఎందుకంటే, షాఫ్ట్ పొడవు. ఇక్కడ షాఫ్ట్ రెండడుగులు. రెండడుగుల షాఫ్ట్‌కి ఒక్కో అంగుళం లిఫ్ట్ దాదాపు రెండున్నర డిగ్రీలు కలుపుతుంది. అదే నాలుగడుగుల షాఫ్ట్ ఉన్న పొడుగు బండి అయితే అందులో సగమే. అందుకే యూట్యూబ్‌లో అమెరికా వాడి పొడుగు ట్రక్కుకి ఆరంగుళాలు లేపడం చూసి మన పొట్టి జీపుకి లేపకూడదు.

డబుల్ కార్డన్ షాఫ్ట్ ప్రత్యేకంగా చేయించుకోవాలి, ఖర్చు. పైగా ఈ జీపు కొలతకి దాని లావు ఛాసీకి తగలకుండా ఉండాలి. బాబాయిని అడిగాం. "నాకా ఎత్తు వద్దురా, మా పిల్లలే లేపించారు. ఎక్కేటప్పుడు మీ పిన్నికి స్టూలు వేయాల్సొస్తోంది" అన్నారు. తీర్పు అయిపోయింది. దించేశాం. పాత కమాన్ సీట్లు కోసేయలేదు, అది అదృష్టం. కమాన్‌ని మళ్ళీ హౌసింగ్ కిందకి తెచ్చి, కట్టలో ఒక పట్టీ అదనంగా వేసి రెండంగుళాలు మాత్రం ఉంచాం.

మళ్ళీ కొలిచాం. ట్రాన్స్‌ఫర్ కేస్ 2, షాఫ్ట్ 12, పినియన్ 5. ముందు 10, వెనక 7. ఇంకా 3 డిగ్రీల తేడా ఉంది. దీనికి మందు టేపర్ ప్లేటు. ఒక వైపు మందం, ఒక వైపు సన్నం, కమాన్ సీటుకీ కమాన్‌కీ మధ్య పెడతారు. 3 డిగ్రీలది కావాలి. ఏ వైపు మందం అన్న దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. పినియన్ మూతి కిందకి దించాలంటే, కమాన్ హౌసింగ్ కింద ఉన్న బండికి మందం వెనక్కి. కమాన్ హౌసింగ్ పైన ఉన్న బండికి మందం ముందుకి. ఇనుప ప్లేటే తీసుకోండి, అల్యూమినియంది నలిగిపోతుంది. సెంటర్ బోల్టు తల సీటు కన్నంలో పూర్తిగా కూర్చోవాలి. యూ బోల్టులు కొత్తవి వేయండి, ఒకసారి లాగి బిగించిన యూ బోల్టుని మళ్ళీ నమ్మొద్దు. రెండు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాలి.

ప్లేటు వేశాక పినియన్ 2కి వచ్చింది. ముందు పది, వెనక పది. తేడా ఒక డిగ్రీ లోపు ఉంటే చాలు, మనకి ఫోన్‌లో సున్నా చూపించింది.

షాఫ్ట్ ఎక్కించే ముందు మేస్త్రి గారు ఇంకోటి పట్టుకున్నారు. షాఫ్ట్ మధ్యలో పళ్ళ జాయింట్ ఉంటుంది, పొడవు సర్దుకోవడానికి. అది విప్పి మళ్ళీ దూర్చేటప్పుడు ఒక పన్ను అటో ఇటో పడితే రెండు ఫోర్కులూ వరస తప్పుతాయి. యాంగిల్ ఎంత సరిగ్గా ఉన్నా బుయ్ పోదు. క్రాస్‌లు మార్చిన వాళ్ళెవరో ఇందులో ఒక పన్ను తప్పించి బిగించారు. అందుకే విప్పే ముందు రెండు ముక్కల మీదా కలిపి ఒక పెయింట్ గీత గీయండి. లిఫ్ట్ చేసిన బండికి ఆ పళ్ళు లోపల ఎంత మిగిలాయో కూడా చూడాలి. చక్రం పూర్తిగా కిందకి వేలాడినప్పుడు షాఫ్ట్ సాగి పళ్ళు బయటికి వచ్చేస్తే, కొండ మీద షాఫ్ట్ రెండు ముక్కలు.

రాళ్ళు పెట్టమన్నాను కదా, ఇక్కడికొచ్చాం. పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాల మీద పనిచేయదు. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ఒక డ్రమ్ ఉంటుంది, హ్యాండ్‌బ్రేక్ దాన్ని పట్టుకుంటుంది. డ్రమ్ షాఫ్ట్‌ని ఆపుతుంది, షాఫ్ట్ చక్రాల్ని ఆపుతుంది. విల్లీస్ కాలం నుంచీ అంతే. ఇప్పుడు ఆలోచించండి. గోదావరి గట్టు దిగే ర్యాంపు మీద బండి ఆపి హ్యాండ్‌బ్రేక్ వేశారు. అరిగిన క్రాస్ అప్పుడే తెగింది. డ్రమ్ గట్టిగానే పట్టుకుని ఉంటుంది, బండి మాత్రం రేవులోకి పోతుంది. ఘాట్‌లో దిగుతూ టూ వీల్ డ్రైవ్‌లో ఉండగా తెగితే ఇంజిన్ బ్రేకింగ్ కూడా పోతుంది, మీకు మిగిలేది కాలి బ్రేకు ఒక్కటే. ముందు చివర తెగిన షాఫ్ట్ రోడ్డుకి గుచ్చుకుంటే ఇంకా ఘోరం. మారేడుమిల్లిలో, అరకు దగ్గర కటికి జలపాతం దారిలో, జీపులో పది మందిని ఎక్కించుకుని తిప్పే డ్రైవర్లు కూడా ఇది చూస్తుంటే, అన్నా, మీ కోసమే చెప్తున్నా. క్రాస్‌ని చేత్తో పట్టుకుని ఊపండి. కొంచెం ఆడినా, కప్పు చుట్టూ తుప్పు రంగు పొడి కనిపించినా, మార్చేయండి. నీళ్ళలో దిగొచ్చిన ప్రతిసారీ గ్రీజు కొట్టండి. మన గోదావరి ఇసుక సన్నం, సీల్ ఒప్పుకోకపోయినా లోపలికి దూరుతుంది.

వేరే బండ్లవాళ్ళకి గబగబా చెప్పేస్తా. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్‌కి అంటుకుని ఉండదు, విడిగా ఉంటుంది, మధ్యలో ఇంకో చిన్న షాఫ్ట్ ఉంటుంది. మొత్తం మూడు షాఫ్టులు. ట్రాన్స్‌ఫర్ కేస్‌ని కదిపితే మూడిటి లెక్కా మారుతుంది. జిప్సీ ముందు హౌసింగ్‌కి టేపర్ ప్లేటు వేసి పినియన్ లేపితే క్యాస్టర్ తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, ముందు దాని జోలికి తొందరపడి వెళ్ళొద్దు. 2020 తర్వాతి థార్‌కి వెనక కమాన్ లేదు, కాయిల్ స్ప్రింగులు, లింకులు. అక్కడ టేపర్ ప్లేటు పనికిరాదు, పొడవు మార్చుకునే లింకులతో పినియన్ సర్దాలి. జిమ్నీ కూడా ఆ కాయిల్ జాతే.

చట్టం మాట కూడా అనేస్తాను. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5000 జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాడు క్లెయిమ్ దగ్గర ఇదే పట్టుకుంటాడు. నాకు ఈ రూల్ మీద కోపమే, కానీ షాఫ్ట్ లెక్క వేయకుండా ఐదంగుళాలు లేపే షాపులు ఉన్నంతకాలం ఆ కోపాన్ని గట్టిగా చెప్పలేకపోతున్నా.

సరే, తాళ్ళపూడి దాకా తోలి చూశాం. 60 దగ్గర బుయ్ లేదు. 70 దగ్గర కొంచెం సన్నగా వినిపిస్తోంది. అది పదేసి డిగ్రీల షాఫ్ట్ తనలో తాను కుదపడం, ఇంత పొట్టి షాఫ్ట్‌తో అంతకంటే తగ్గదు. బాబాయి 70 ఎప్పుడూ తోలరట. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఒకటి మిగిలిపోయింది: ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు నుంచి టక్ టక్ మంటోందని. రేపు పొద్దున్న ముందు షాఫ్ట్ విప్పుతున్నాం. కొలతలన్నీ వచ్చే ఎపిసోడ్‌లో పెడతాను. ఉంటానండీ.